కామెన్ దాచుకున్న దెబ్బ

నెదెల్కా బల్ల మీద పిండి చల్లి, సన్నటి కర్రతో ముద్దను ఒత్తుతోంది. బానిత్సా అనే చీజు రొట్టెకు రేకు, అవతలి వెలుగు కనిపించేంత పల్చగా రావాలి. ఒత్తిన రేకును రెండు చేతుల మీద ఎత్తి పళ్ళెంలో పరిచి, చీజూ గుడ్డూ కలిపిన ముద్ద పైన జల్లింది.

కిటికీ దగ్గర ఆమె భర్త కామెన్ గడ్డం గీసుకుంటున్నాడు.

"ఈ ఏడు తలుపు తీస్తాను," అన్నాడు అద్దంలోకి చూస్తూనే.

కర్ర ఆగింది. "స్పాస్‌కా?"

"ఇంకెవడికి? మంగళవారం గుండె కోయించుకుంటున్నాడటగా. పెర్నిక్ ఊరంతా అదే కబురు."

"అయితే మన్నిస్తావా?"

"నీకు భలే తొందర! ఏటా ఈ రోజున వాడి తరఫున నా ప్రాణం తీస్తావు. విను. లోపలికి రానిస్తాను. చెయ్యి ముద్దు పెట్టుకోనిస్తాను. మన్నించమని నోరారా అడిగాక, అప్పుడు కుదరదంటాను. వాణ్ణి గుమ్మం బయటే నిలబెడితే దెబ్బ సరిగ్గా తగలడం లేదు. చేతులు కిందికి దించాక కొట్టాలి."

"ఆపరేషన్‌కి వెళ్ళే మనిషిని..."

"నన్ను పాతిపెట్టినప్పుడు వాడు ఇవన్నీ ఆలోచించాడా?"

చర్చి పెద్ద ఉపవాసాల ముందు వచ్చే ఆదివారం అది. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, చెయ్యి ముద్దు పెట్టుకుని, మన్నించమని అడుగుతారు. తప్పు చేసినా చేయకపోయినా అందరూ అడిగేదే. "దేవుడు మన్నించాలి, నేనూ మన్నించాను" అని పెద్దవాళ్ళు అనాలి. కామెన్ కంటే చిన్నవాడైన స్పాస్ ఏటా వచ్చేవాడు. కామెన్ తలుపు వెనక నిలబడి, అతని అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా వినేవాడు.

"తప్పు లేనివాడు ఇన్నేళ్ళు వస్తాడా?" అనేవాడు నెదెల్కాతో. "నువ్వున్నావు, ఒక్క ఏడైనా నన్ను అడిగావా? అవసరమేముంది నీకు?"

కామెన్ గనికార్మికుల క్లబ్బులో బాక్సింగ్ నేర్చుకున్నాడు. ఎడమచేతి వాటం. రెండుసార్లు దేశం మొత్తం మీద గెలిచాడు. ప్లోవ్దివ్‌లో లెనిన్‌గ్రాద్ వాణ్ణి రెండో రౌండులోనే మోకాళ్ళ మీద కూలిస్తే హాలంతా లేచి నిలబడింది. మరుసటి వసంతంలో కొలోన్‌లో పోటీ. పోటీ అయ్యాక తిరిగి రాకుండా జర్మనీలోనే ఉండిపోదామనుకున్నాడు. ఆ రోజుల్లో అలా దేశం వదిలిపోవడం నేరం. క్లబ్బులో ఆ సంగతి ఒక్క స్పాస్ చెవినే వేశాడు. వారం తిరగకుండా అధికారులు వచ్చి పాస్‌పోర్టు లాక్కున్నారు. అతని బదులు స్పాస్ వెళ్ళి వెండి పతకం తెచ్చాడు. క్లబ్బు గోడ మీద ఇప్పటికీ స్పాస్ ఫొటో ఉంది. కామెన్ మళ్ళీ గ్లవ్స్ తొడగలేదు. పింఛను వచ్చేదాకా బొగ్గు తవ్వాడు.

"నువ్వు వెళ్ళి ఉంటే," అంది నెదెల్కా మెల్లగా, "అప్పుడు నా కడుపులో ఉన్న మన అమ్మాయి యానా తండ్రి మొహం చూసేది కాదేమో."

"మళ్ళీ మొదలుపెట్టావా? మిమ్మల్ని పిలిపించుకునేవాణ్ణని ఎన్నిసార్లు చెప్పాలి?"

"కుస్తీ పట్టే దిమో కూడా పెళ్ళాంతో అదే చెప్పి దేశం దాటాడు. ఆమెను ఉద్యోగంలోంచి, ఇంట్లోంచి కూడా తరిమేశారు."

"వాడూ నేనూ ఒకటేనా?"

తలుపు చప్పుడైంది. కామెన్ మొహం తుడుచుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

నెదెల్కా తలుపు తీసింది. స్పాస్ నారింజపండ్ల సంచీతో, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మెట్లెక్కేసరికే నా రౌండు అయిపోయింది అన్నా," అన్నాడు నవ్వబోతూ.

"నీకు ఊపిరి ఎప్పుడుంది గనక! మూడో రౌండులో తాళ్ళకు వేలాడేవాడివి."

"నిజమే. నీ ముందు నేనెంత?"

స్పాస్ ఆయాసపడుతూ వంగి కామెన్ ఎడమచేతిని ముద్దు పెట్టుకున్నాడు. "నన్ను మన్నించన్నా."

కామెన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "దేనికి? పేరు పెట్టి అడుగు."

"నీ చోట నేను వెళ్ళాను. నీకు రావలసిన పతకం నేను తెచ్చుకున్నాను. దానికి."

"అంతేనా?"

"అంతే."

"మన్నించను." కామెన్ ఆ మాటను తాపీగా అన్నాడు. "ఇది గుండెలో పెట్టుకుని పో. డాక్టరు కోసినప్పుడు దొరుకుతుంది."

"కామెన్!" అంది నెదెల్కా.

స్పాస్ బల్ల పట్టుకుని నడుం ఎత్తాడు. అతని మొహంలో కోపం లేదు.

"నీ పాస్‌పోర్టు లాక్కున్న రోజు అధికారులు నన్నూ పిలిచి అడిగారన్నా. నేను నోరు విప్పకముందే వాళ్ళకు అంతా తెలుసు. కొలోన్‌లో నువ్వు మ్లాదెన్ అనే చుట్టం ఇంట్లో దాక్కోబోతున్నావని కూడా తెలుసు. ఆ పేరు నేను మొదటిసారి విన్నది వాళ్ళ నోటే. ఇదెప్పుడో చెబుదామంటే నువ్వు తలుపు తియ్యలేదు. మెట్ల మీద నిలబడి అరిచే మాటా కాదు."

"అబద్ధం!"

"మ్లాదెన్ సంగతి నాకెప్పుడైనా చెప్పావా?"

కామెన్ రకియా అనే సారా సీసాను దగ్గరికి లాక్కున్నాడు.

స్పాస్ టోపీ పెట్టుకున్నాడు. "వదినా, నువ్వైనా మన్నించు."

నెదెల్కా మొహం తిప్పుకుని బల్ల మీది పిండి తుడిచింది. స్పాస్ ఒక్కో అంతస్తు దగ్గరా ఆగుతూ దిగిపోయాడు.

"చూశావా, ఎలా తగిలిందో!" కామెన్ గట్టిగా నవ్వి రకియా పోసుకున్నాడు. గ్లాసు సగంలో ఆగింది. "కానీ మ్లాదెన్ పేరు నేను వాడికి చెప్పలేదు. అది నిజం. బయట ఎవరికీ చెప్పలేదు. నీకొక్కదానికేగా చెప్పింది. మరి వాళ్ళకెలా తెలిసింది, నెదెల్కా?"

నెదెల్కా చేతుల పిండి దులుపుకుని, కోటు తొడుక్కుని, స్పాస్ వెనక మెట్లు దిగింది.