రాయవ్వ ఆకలి

"ఏం అవ్వా, ఇవాళ నీ రాయికి పప్పా, పులుసా?"

ఎవారిస్తో పనిలోంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఇనప రజనే నాయనా. శుక్రవారం కదా, ఆకలేస్తోందట."

బర్రాంకియా ఊళ్ళో సూదంటురాయి ఉన్న ఇంట్లో శుక్రవారం దానికి ఇనప రజను మేపుతారు. మేపితే అదృష్టాన్ని లాక్కొస్తుందని నమ్మకం. ఈ ముసలావిడ వారం వారం అతని స్పీకర్ల కొట్టుకొచ్చి, నేల ఊడ్చి, రజను డబ్బాలో ఎత్తుకుపోయేది. పేరెవరూ అడగలేదు. రాయవ్వ అంటే సరిపోయేది.

ఆ రోజు మాత్రం ఎవారిస్తోకి ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. మర్నాడు మధ్యాహ్నం వీధి పండగ. పండగల్లో పాటలు వేసే ఉబాల్దో తెచ్చిన పికోలో, అంటే గోడంత రంగుల పాటల పెట్టెలో, సన్నగొంతు స్పీకరు మూగబోయింది. లోపల అయస్కాంతం సందులో పట్టి ఉంచే నల్లనూనె ఎండి బంకయింది.

"రేపు పాడకపోతే పెట్టె పక్క వీధి కొట్టుకే," అనేసి వెళ్ళాడు ఉబాల్దో. ఆ పెట్టె పోతే ఇంక కొట్టు మూసుకోవడమే.

ఆ నూనె చేసే మనిషి ఊరికంతా ఒక్కరే. గోడ మీద ఖాళీ సీసా, దానిమీద చీటీ: ఎం. ఒలావే. ఎం అంటే మాయెస్త్రో, పెద్ద మేస్త్రి. ఆయనెవరో చెప్పకుండానే, ఆ నూనె తెచ్చే తండ్రి పోయాడు. వెతికి వేసారి, ఆయనా పోయుంటాడనుకుని, ఎవారిస్తో ఆ సీసా ముందు రోజూ కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు.

అవ్వ కొవ్వొత్తి వంక చూసి నవ్వింది.

"దీపాలకేంగానీ, కాస్త రజను పెట్టు."

"మా గురువుని వేళాకోళం చెయ్యకు. ఆయనుంటే నాకీ గతి పట్టేదా?"

అవ్వ స్పీకరు మీదికి వంగింది. "పాపం, దీనికి దాహం. ఇనప నలుసు కంటికి ఆననంత చిన్నదవ్వాలి నాయనా. ఒక్కోదానికీ సబ్బు చొక్కా తొడగాలి. లేకపోతే ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయి."

"ఇనుముకి చొక్కాలట! లంగాలు కూడా కుట్టించు." అతనికి ఒళ్ళు మండింది. "ఇవాళ రజనూ లేదు, గిజనూ లేదు. వెళ్ళు."

అవ్వ బల్ల మీద చిన్న మందు సీసా పెట్టింది.

"రాయి తినగా మిగిలింది," అని ఖాళీ డబ్బాతో వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్న వేరే దారి లేక ఆ సీసా పక్కన అయస్కాంతం పెట్టాడు. లోపలి నలుపు కదిలింది. నిద్రలో ఒళ్ళు విరుచుకున్నట్టు లేచి, ఒళ్ళంతా ముళ్ళు పూచి, మెల్లగా ఊగింది. అచ్చం ఆ నల్లనూనే. నాలుగు చుక్కలు సందులో వేస్తే జారిపోకుండా అక్కడే నిలిచాయి.

ఆ మధ్యాహ్నం పెట్టె పాడింది. సముద్రపు గాలికి ఆ సన్నగొంతు వీధులు దాటిపోయింది. ఉబాల్దో అతన్ని అమాంతం ఎత్తేశాడు.

మరుసటి శుక్రవారానికి ఎవారిస్తో డబ్బా నిండా రజను పోసి పెట్టుకున్నాడు. అవ్వ రాలేదు. పై శుక్రవారమూ రాలేదు. సిగ్గు చంపుకుని, ఆ డబ్బాతో వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ ఆమె ఇల్లు చేరాడు.

"ఆ పండగ మర్నాడే పోయింది తమ్ముడూ," అంది పక్కింటావిడ. "శనివారమంతా గుమ్మంలో కూచుని, ఎక్కడిదో పాట వింటూ ఒకటే నవ్వు."

ఆమె వెంట లోపలికెళ్తే, వంటింట్లో మెతుకు వండిన గుర్తే లేదు. అమోనియా ఘాటు, సబ్బు ముక్కలు, నల్లబడ్డ గిన్నెలు. రాయి చుట్టి ఉండాల్సిన ఎర్రగుడ్డలో అది లేదు, పాత స్పీకరు అయస్కాంతం ఉంది.

"స్పీకర్ల కొట్టతను నువ్వేనా?" అడిగింది పక్కింటావిడ. "అవ్వ, 'నా పేరడిగిన రోజున వాడికి పని నేర్పుతా' అనేది."

ఎవారిస్తో చేతిలో డబ్బా బరువెక్కింది.

"ఆవిడ పేరేంటమ్మా?"

ఆమె తలుపు మీది రాత చూపించింది. సీసా చీటీ మీది అక్షరాలే, అవే వంకరలు: మాక్సిమినా ఒలావే.