ఊదని సాయిబు

పగవాడి ముందు తల వంచడం కన్నా పీక కోసుకోవడం నయమనుకునే రకం తవిటయ్య. అలాంటి మనిషి పంతొమ్మిది వందల అరవై ఎనిమిది కార్తీకంలో కూతుర్ని భుజాన వేసుకుని, సుమ్మాదేవి స్టేషన్లో రైలుబండెక్కి, పలాస మసీదు మెట్ల దగ్గర నిలబడ్డాడు. పక్కన పెళ్లాం రత్నాలమ్మ.

వచ్చింది లతీఫ్ సాయిబు కోసం. పలాసలో జీడిపప్పు వ్యాపారం లతీఫ్‌ది. తవిటయ్య కొబ్బరితోటని ఆనుకుని ఉన్న జీడితోట అతను కొన్నాడు. కొన్న ఏడాదే గట్టు తగాదా. వాడు కంచె పాతడం, వీడు పీకడం. వేసవిలో ఇద్దరూ ఆ గట్టు మీదే కలబడ్డారు. ఊళ్లోవాళ్లు విడదీస్తే, "నీ ఇల్లు బాగుపడదురా" అని శపించి మరీ పోయాడు లతీఫ్.

వానలు పడగానే నాలుగేళ్ల మాలచ్చిమికి జ్వరం పట్టుకుంది. మందు వేస్తే దిగడం, మర్నాడు మళ్లీ ఎక్కడం. పిల్ల పుల్లయిపోయింది. రత్నాలమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఆ సాయిబు ఉసురే తగిలింది. ఆడి సేత ఊదిత్తేగానీ దిగదు."

నమాజు చేసి బయటికొచ్చే సాయిబుల చేత జబ్బుపిల్లలకి ఊదించడం అక్కడ అందరికీ అలవాటే. ఎవరైనా సరే గానీ ఆడు మాత్రం వద్దన్నాడు తవిటయ్య. పిల్ల కళ్లు తేలేసిన రోజున నోరు మూసుకుని బయల్దేరాడు.

మసీదు మెట్టెక్కబోతుంటే ముసలి ముల్లా ఆపాడు. చెప్పులు కింద విడిచి అక్కడే ఉండమన్నాడు. ఉల్లి వాసన తగిలి, పచ్చి ఉల్లిపాయ తిన్నావా అని అడిగాడు. బండిలో చద్దన్నంలో నంజుకున్నానన్నాడు తవిటయ్య. అది తిన్న పూట తాము లోపలికి రామని, పక్కన నిలబడేవాణ్ణి మన ఊపిరితో ఇబ్బంది పెట్టకూడదని ముల్లా మర్యాదగానే చెప్పాడు. తవిటయ్యకి తల కొట్టేసినట్టయింది.

పొద్దువాలే వేళ చేసే అసర్ నమాజుకి జనం వస్తున్నారు. తొట్టి దగ్గర నోరు, మొహం, చేతులు, కాళ్లు కడుక్కుంటున్నారు. కుడికాలు ముందు లోపల పెట్టి, పెదాల్లోనే దువా చదువుకుంటూ వెళుతున్నారు. వెళ్లినవాడు వెళ్లినట్టు కూలబడడం లేదు. ముందు రెండు రకాతుల నమాజు చదివాకే కూర్చుంటున్నాడు.

అందరికన్నా వెనకాల వచ్చాడు లతీఫ్. తలకి చుట్టిన రుమాలు కొస మొహం మీదికి లాక్కున్నాడు. కాళ్లు కడుక్కున్నాడు గానీ గడప దాటలేదు. వసారా మూల సొంత చాప పరుచుకున్నాడు. లోపల పెద్దా చిన్నా భుజానికి భుజం కలిపి నిలబడితే, ఈ మహారాజుకి అందరితో కలిసి నిలబడడం నామోషీ కాబోలు. బాగా చిక్కాడు కూడా. పరాయి గట్టు తింటే అరుగుతుందా మరి అని తవిటయ్య లోపల్లోపల సంబరపడ్డాడు.

నమాజు అయింది. ఎడమకాలు ముందు బయట పెట్టి ఒక్కొక్కరే వచ్చారు. ముల్లా ఏదో చదివి పిల్ల తల మీద ఊదాడు. మిగతావాళ్లూ ఊదారు. రత్నాలమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

తవిటయ్య వసారా దిగి వస్తున్న లతీఫ్ ముందుకి వెళ్లాడు. జన్మలో అనననుకున్న మాట అన్నాడు.

"సాయిబూ, ఆ గట్టు నువ్వే తీసుకో. పిల్ల మీద ఓపాలి ఊదీ."

లతీఫ్ పిల్లని చూశాడు. రుమాలు ముక్కు మీదికి ఇంకా బిగించి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను ఊదను. ముల్లాగారు ఊదారు కదా, వెళ్లు."

రుమాలు బిగించడం చూసి తవిటయ్యకి ఒళ్లు భగ్గుమంది. ఉల్లిపాయ తిన్నవాడి వాసన కూడా పడదన్నమాట దొరగారికి. అయినా పిల్ల కోసం చెయ్యి పట్టుకోబోయాడు. లతీఫ్ రెండు చేతులతో గుండెల మీద ఒక్క తోపు తోశాడు.

"దగ్గరికి రావద్దన్నానా. పిల్లని తీసుకుని పో ఇక్కణ్ణుంచి."

పిల్ల కెవ్వుమంది. రత్నాలమ్మ వీధిలోనే దుమ్మెత్తిపోసింది, నీ కడుపున పిల్లలు లేరా అని తిట్టింది. తవిటయ్య చెప్పులు కూడా మర్చిపోయి వెనక్కి తిరిగాడు.

"నా పిల్లకేటన్నా అయితే నీ తోటలో ఒక్క సెట్టు మిగలదు, సూసుకో."

పిల్లకి ఏమీ కాలేదు. వారం తిరక్కుండా జ్వరం దిగింది. పగ మాత్రం దిగలేదు. తవిటయ్య గట్టు వెంబడి లతీఫ్ జీడిచెట్లు వరసంతా నరికేశాడు. లతీఫ్ రాలేదు, మనిషినీ పంపలేదు. బెదిరిపోయాడు నా కొడుకు అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు తవిటయ్య.

తగ్గితే పంచదార పంచుతానని రత్నాలమ్మ మొక్కుకుంది. అందుకని మళ్లీ పలాస వచ్చారు. మాలచ్చిమి మసీదు మెట్ల మీద ఎగురుతూ ఆడుతోంది. వసారా మూల చాప లేదు. తవిటయ్య ఒక పొట్లం విడిగా తీసి ముల్లా చేతిలో పెట్టాడు.

"ఇది మీ లతీఫ్‌కియ్యండి. నా పిల్ల బతికిందని సెప్పి, తిని ఏడవమనండి."

ముల్లా ఆ పొట్లం అలాగే పట్టుకుని, "లతీఫ్‌కి క్షయ ముదిరి పెద్దాసుపత్రిలో వేశారు తవిటయ్యా, తన ఊపిరి ఎవరికీ తగలకూడదనే ఇన్నాళ్లూ ఆ మూల ఒక్కడే నమాజు చేసుకున్నాడు," అన్నాడు.