బోర్డుకి మాసిక

"అత్తయ్యా, మీరు దేన్నీ ముట్టుకోకండి. ఫోన్ల సంగతి నేను చూసుకుంటాగా!" అంటూ అల్లుడు ఫీజు కట్టడానికి పార్కింగ్ బోర్డు మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేశాడు. కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం అతనిది. తెలియని లింకులు నొక్కొద్దని దారి పొడుగునా ఆవిడకు పాఠం చెబుతూనే వచ్చాడు.

నలభై ఏళ్లు బట్టలు కుట్టిన చెయ్యి ఊరుకుంటుందా? అత్తగారు బోర్డును తడిమి చూసింది. కోడ్ అంచు దగ్గర ఆమె వేలు ఆగింది.

"అల్లుడుగారూ, ఇక్కడెవరో మాసిక వేశారు."

"బోర్డుకి మాసికేమిటత్తయ్యా! కార్డు నంబరు కొట్టేశాను. పిన్ను ఒక్కటే అడుగుతోంది, ఉండండి."

"చిరుగు లేనిచోట మాసిక ఎందుకు వేస్తారండీ?" అంటూ ఆవిడ అంచును గోటితో లేపింది. స్టిక్కర్ సర్రున ఊడొచ్చింది. దాని కింద, ఎండకు వెలిసిపోయిన అసలు కోడ్ కనిపించింది.

పిన్నులో మూడంకెలు నొక్కిన అల్లుడి వేలు గాల్లోనే ఉండిపోయింది. చటుక్కున ఆ పేజీ మూసేసి, బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించాడు.

తర్వాత ఫోన్ పట్టుకుని, ఆవిడకు బోర్డు దగ్గర చోటిస్తూ పక్కకు జరిగాడు.

"అత్తయ్యా, ఈ కింది కోడ్‌ను కూడా ఒకసారి తడిమి చూస్తారా?"

ఆవిడ నింపాదిగా తడిమింది.

"దీనికి అతుకు లేదు. అయినా తెలియని లింకులు నొక్కొద్దని మీరే చెప్పారుగా, అల్లుడుగారూ! స్కాన్ చేశాక ముందు ఫోన్‌లో పైన వచ్చే లింకు పేరు చదవండి."