తగ్గిపోయిన మొక్కు

వంటింటి గోడపెట్టె పొద్దున్నే ఎవరి కొవ్వుకు తగ్గట్టు దాన్ని కరిగించే ఆకుమాత్ర వాళ్ల చేతిలో వేసే రోజులవి. కూతురు సమతకు విషజ్వరం తగ్గితే ఆమె ఎత్తు బెల్లం మేడారం తల్లులకు ఇస్తానని మల్లవ్వ మొక్కుకుంది. అప్పుడు సమత తొంభై కిలోలు. తీరా మొక్కు చెల్లించే నాటికి తక్కెడ అరవై దగ్గరే ఆగింది.

మల్లవ్వ బెల్లం ముద్దలు మళ్లీ లెక్కపెట్టింది. "ముప్పై కిలోలు ఎగ్గొట్టినమని తల్లులకు కోపమొస్తే? జ్వరం మళ్ల తిరగబెడితే?"

"అందరిదీ గదే బాధ అవ్వా. ఆకుమాత్రలొచ్చినంక నా బేరం గూడ సన్నబడ్డది," అన్నాడు బెల్లం కొట్టాయన.

మల్లవ్వ కొంగు నడుముకు చుట్టి, తక్కెడలో కూతురి ఒళ్లోనే కూర్చుంది.

"అమ్మా, దిగు! నా తొడలిరుగుతయ్! నువ్వు ముప్పై కాదు, యాభై ఉన్నవ్!"

"ఉండనీ బిడ్డా. ఎక్కువైతే తల్లులేమనరు. తక్కువైతేనే నాకు నిద్రపట్టదు."

అవతలి తట్టలో బెల్లం ముద్దలు పడుతూనే ఉన్నాయి. తల్లీకూతుళ్లు నవ్వుతూ తమ తట్టతో పాటే మెల్లగా పైకి లేచారు.