నీళ్ళ నిండా పక్షులే

కొత్త నీలం గౌను, దాని మీద మూడు స్వెటర్లు, వాటి మీద గొర్రెతోలు కోటు. ట్రాక్టరు తొట్టిలో ఎనికో బట్టల మూటలా ఉంది. పక్కనే కెమెరా ఒళ్ళో పెట్టుకుని వెందెల్. అతనూ తక్కువ తినలేదు. ఇస్త్రీ సూటు మీద రెండు దుప్పట్లు చుట్టుకుని, టై మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ ముస్తాబంతా కొంగల కోసమేనా?" అన్నాడు ట్రాక్టరు నడుపుతున్న ఆర్పాద్ బాబాయ్. చేపల చెరువులకి కాపలాగా ఈ శీతాకాలమే కుదిరాడు.

"కాదు బాబాయ్. పదింటికి దెబ్రెత్సెన్‌లో పనుంది," అంది ఎనికో. "సంతకాలు పెట్టాలి. ఇద్దరం ఉండాలి."

"ఓహో! అదా సంగతి! చెప్పరేం మరి?" ఆర్పాద్ మీసాల్లో నవ్వుకుని, పాలింకా అనే పళ్ళసారా సీసా తీసి ఇద్దరికీ తలో గుక్క పోశాడు. ఇద్దరూ చెరోవైపు చూస్తూ తాగారు.

నిజానికి పట్నంలో కలిసేదాకా అతని మొహం చూడొద్దని ఎనికో చేత వాళ్ళక్క ఒట్టేయించుకుంది. ఏం చేస్తుంది పాపం? ఇక్కడ పక్షుల్ని చాటుగా చూసే మాటుగది దొరకాలంటే ఏడాది ముందే చెప్పుకోవాలి. కిందటి చలికాలంలో ఇద్దరి పేరా రాయించారు. పట్నం పని కూడా సరిగ్గా ఈ రోజే వచ్చి పడింది. అది తప్పితే మళ్ళీ వేసవి దాటాకే. పక్షుల్ని ఆమె వదులుకోదు. అతనసలే వదులుకోడు. చీకటితో వచ్చి, తెల్లారగానే ఫోటోలు తీసుకుని పరిగెత్తాలని అనుకున్నారు.

ఆర్పాద్ షరతు ఒక్కటే. "నీళ్ళ మీద పక్షులుండగా తలుపు తియ్యకూడదు. ఎవరి కొంప మునిగినా సరే. నేను వాకీటాకీలో అడుగుతా, అవి లేచిపోయాయంటేనే వస్తా."

చెక్క మాటుగదిలో మోకాలికి మోకాలు తగులుతోంది. బయట చెరువంతా గడ్డకట్టి, ఒక్కచోట మాత్రం నీళ్ళు కదులుతున్నాయి. పొయ్యి వెలిగించబోతే వెలగలేదు. వెందెల్ గడ్డం మీద అప్పుడే మంచు పట్టింది.

"నీ మోచెయ్యి నా కెమెరా ముందుంది," గుసగుసగా అంది ఎనికో.

"నీ కెమెరానే నా మోచేతి ముందుంది మహాతల్లీ."

తెలతెలవారుతుండగా మొదటి తెల్లకొంగ దర్జాగా వచ్చి దిగింది. దిగి, మంచుగడ్డ మీద జర్రున జారి, కాళ్ళు చెరోవైపుకి పోయి బోర్లా పడింది. లేచి, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూసింది. దాని వెనకే ఇంకోటి. అదీ అంతే! ఎనికో కోటు చేతిని నోట్లో కుక్కుకుంది. వెందెల్ దుప్పటి కొరికాడు. నవ్వు ఆపుకోలేక ఇద్దరూ ఊగిపోతుంటే బల్ల కిర్రుకిర్రుమంది. ఆపుకున్నకొద్దీ ఎక్కువైంది. చలికి కన్నీళ్ళు బుగ్గల మీదే బిగుసుకుంటున్నాయి.

అప్పుడు వచ్చాయి గద్దలు.

రెల్లు పైన సూర్యుడు ఎర్రగా పొడుచుకొచ్చాడు. రెండు తెల్లతోక గద్దలు ఒక్క చేప కోసం గాల్లోనే గోళ్ళు పెనవేసుకుని గిరగిరా తిరిగాయి. సరిగ్గా సూర్యుడి మీద! ఇన్నేళ్ళుగా ఎనికో కలవరించిన ఫోటో. బటన్ నొక్కింది.

ఏమీ లేదు.

"చచ్చింది! బ్యాటరీ చచ్చింది!" సంచిలో ఉన్న రెండోది పెట్టింది. అదీ చలికి చచ్చే ఉంది.

వెందెల్ తన కెమెరా పక్కన పడేశాడు. దుప్పట్లు తోసి, కోటు గుండీలు తెంపుకుని, చొక్కాలోకి చెయ్యి పెట్టాడు.

"ఇందా."

"చంకలోంచా? ఛీ!"

"ఛీ తర్వాత. ముందు పెట్టు!"

పెట్టింది. నొక్కింది. నొక్కుతూనే ఉంది. గద్దలు విడిపోయి, చేప జారి, మళ్ళీ కలబడి, రెల్లు వెనక మాయమయ్యాయి. అన్నీ పడ్డాయి, ఒక్కటీ పోలేదు!

"నీకు పడ్డాయా?" అడిగింది, ఊపిరాడక.

"నాకెక్కడ! గుండీలు విప్పడంతోనే సరిపోయింది."

ఆమె చేతిలోని కెమెరా వంక చూసింది. ఆ బ్యాటరీ అతని కెమెరాకి పట్టేది కాదు.

"ఇది నీ దగ్గరెందుకుంది?"

"నా సొరుగులో ఉండిపోయింది. పొద్దున బయల్దేరేటప్పుడు చంకలో పెట్టుకున్నా. చలికి నీ బ్యాటరీ చస్తుంది, అది చస్తే నువ్వు నన్ను తిడతావు. నాకు తెలీని సంగతా?"

ఎనికోకి ఏడుపొచ్చింది. నవ్వొచ్చింది. రెండూ కలిసి వెక్కిళ్ళు వచ్చాయి. ఒంట్లో చలి ఏమైపోయిందో తెలియలేదు. ఆమె వెక్కినప్పుడల్లా వెందెల్ నవ్వాడు, అతను నవ్వినప్పుడల్లా ఆమె ఇంకా గట్టిగా వెక్కింది. ఆ గోలకి కొంగలన్నీ ఒక్కసారిగా లేచి పోయాయి.

వాకీటాకీ గరగరలాడింది. "పక్షులు లేచినట్టున్నాయే! రమ్మంటారా? ఇప్పుడు బయల్దేరితే పట్నానికి అందుకుంటారు."

వెందెల్ నవ్వు ఆగిపోయింది. జేబులోంచి టై తీసి, ఎలా కట్టుకోవాలో మర్చిపోయినవాడిలా పట్టుకుని కూర్చున్నాడు.

ఎనికో కిటికీ అద్దంలోంచి బయటికి చూసింది. ఖాళీ చెరువు. ఒక్క ఈక తప్ప ఏమీ లేదు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఇప్పుడే రాకు బాబాయ్. నీళ్ళ నిండా పక్షులే."

"అయ్యో, మరి మీ పనో?"

"తలుపు తియ్యకూడదన్నావుగా. చీకటి పడ్డాక రా."

"ఎనికో..." అన్నాడు వెందెల్.

"ష్! కొంగలు బెదురుతాయి," అని అతని చేతిలో టై లాక్కుని చెవులకి చుట్టుకుంది.

పది కొట్టగానే దెబ్రెత్సెన్‌లో, కోర్టు రెండో అంతస్తులో, బంట్రోతు ఆ దంపతుల విడాకుల కేసును మూడుసార్లు పిలిస్తే, ఇద్దరు లాయర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.