ఇద్దరి తరఫునా

కండక్టర్ జావ గ్లాసును పక్కకు నెట్టేశాడు. క్యాన్సర్ ఆపరేషన్‌లో నాలుక పోయాక అతనికి మిగిలిన మాట అదొక్కటే.

"నిన్నటి నుంచీ ఇదే వరస! తాగరా?" అరిచింది భార్య. జవాబు రాదని తెలిసి, అతని గొంతుతో తనే అందుకుంది: "నోరా అది, బస్సు హారనా?"

మళ్లీ తన గొంతుతో, "టికెట్ టికెట్ అని అరిచేది మీరా, నేనా?"

వెక్కిరిస్తోందని అతనికి ఒళ్లు మండింది. ముప్పయ్యేళ్ల పోట్లాటల్లో అతని జవాబు ఒక్కటీ మరిచిపోలేదామె.

"మీతో వేగలేక చస్తున్నా!" అంది.

దానికి అతను ఎప్పుడూ అనేది ఒకటే: నేను పోయాక తెలుస్తుందే నా విలువ.

అది అనడానికి ఆమె గొంతు మార్చుకుంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

కండక్టర్ గ్లాసు అందుకున్నాడు. తాగినదానికంటే చొక్కా మీద కారిందే ఎక్కువ. అయినా దించలేదు.