ఎర్ర ముడి

"చెయ్యి వణుకుతోంది. రాత్రి పడుకోవా?"

కాలర్లు కుట్టే మనిషి తలెత్తింది. ఎదురుగా కత్తెరమ్మ. చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ ఆవిడది. వంకర కుట్టు కనబడితే కట్ట మొహానే విసిరేస్తుంది. వెనక్కొచ్చిన కట్టకు కూలి రాదు.

"పిల్లలకి జ్వరం మేడమ్."

"పిల్లల్ని తెచ్చి పెట్టుకుంటే సరా? చెయ్యి నిలబడాలి."

ఆ మాట గుండెల్లో దిగింది. పోయిన అక్క పిల్లలిద్దరూ "పిన్నీ" అంటూ గేటు దాకా వస్తారు. అందుకే ఫ్యాక్టరీ అంతటికీ ఆమె పిన్నే.

ఇంట్లో మూటలు మోసే మొగుడిదీ అదే పాట.

"మన ఒక్క కూతురికే చాలక ఛస్తున్నాం. మీ అక్క పెద్దదాన్ని అనాథాశ్రమంలో వేసేద్దాం."

"నా కట్ట ఒక్కటైనా వెనక్కొచ్చిందా? రానన్నాళ్లూ వాళ్లు ఇక్కడే ఉంటారు."

నిజమే. ఎవరి కట్టకు వాళ్ల రంగు దారం ముడేస్తారు. పిన్ని ఎర్ర ముడి ఏనాడూ వెనక్కి రాలేదు.

భోజనాల వేళ కత్తెరమ్మ తినదు. మూలనున్న పాత మిషన్ మీద వంగి ఏదో కుట్టుకుంటుంది.

"సొంత పని," అంది పక్క మిషన్ ఆమె. "మనం నీళ్లకి లేస్తే మాత్రం అరుస్తుంది."

పిన్ని ఆ సంగతి మేనేజర్ చెవిన వేసింది. కూలి కోసే మేనేజర్‌ని అడగడానికి మాత్రం ఏ ఒక్కరికీ నోరు పెగలదు. మన కోపం ఎప్పుడూ పక్క కుర్చీ దాకానే.

మర్నాడు కత్తెరమ్మ లేదు.

"పీడ విరగడైంది," అనుకున్నారంతా. పిన్నీ నవ్వింది.

కొత్త చెకింగ్ అతను ఎర్ర ముడి కట్ట బల్ల మీద పడేశాడు.

"సగం వంకర."

"నా పని ఎప్పుడూ వెనక్కి రాలేదు బాబూ."

"నీ చేతి పనేగా ఇది?"

మర్నాడూ కట్ట వెనక్కొచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మొగుడు పెద్దదాని గౌన్లు సంచిలో సర్దాడు.

"ఎక్కడికి పిన్నీ?" అంది పిల్ల.

పిన్ని ఫ్యాక్టరీకి పోయి, భోజనం మానేసి, వెనక్కొచ్చిన కట్టతో మూలనున్న పాత మిషన్ ముందు కూర్చుంది. సూది కోసం సొరుగు లాగింది.

లోపల సగం వాడిన ఎర్ర దారం ఉండ.

దాని చుట్టూ సొరుగు నిండా విప్పిన కుట్లు, తెంపిన ముడులు. ముడులన్నీ ఎర్రవే.